క్యామ్రీయా, లెక్ససా? కొనే ముందు రోడ్డు పన్ను లెక్క చూడండి

మన పిల్లలు బెంగళూరు, చెన్నైలలో మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. దాంతో సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దలు ఇప్పుడు కార్ల గురించి కూడా అడుగుతున్నారు. "ప్రీమియం కారు చాలా, లగ్జరీ కారే కొనాలా?" అని. నేను మెకానిక్‌ను కాను, గుమాస్తాగా ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. అందుకని కాగితాల వైపు నుంచే చెబుతాను.

తేడా తెలియడానికి టయోటా క్యామ్రీని, లెక్సస్ ఈఎస్ 300హెచ్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. లెక్సస్ కూడా టయోటా వారిదే. రెండింటిలోనూ 2.5 లీటర్ల పెట్రోల్ హైబ్రిడ్ ఇంజినే. అడుగున ఉన్న ప్లాట్‌ఫామ్ కూడా ఒకటే. రెండూ బెంగళూరు పక్కన బిడదిలో తయారైనవే. లెక్సస్‌కు అదనంగా ఇచ్చే డబ్బు లోపలి పనితనానికి, నిశ్శబ్దానికి, వెనక సీటు సుఖానికి, పేరుకు. నడుము నొప్పి ఉన్న అమ్మానాన్నలను తరచూ ఊరికి తీసుకెళ్లేవారికి ఆ సుఖం చిన్న విషయమేమీ కాదు. అయితే టయోటా సర్వీసు జిల్లా కేంద్రాల్లో దొరుకుతుంది, లెక్సస్‌కు పెద్ద నగరం దాకా వెళ్లాలి.

ఇక పన్నులు. జీఎస్టీలో తేడా లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ 40 శాతంలోనే ఉన్నాయి, అది షోరూం ధరలో కలిసే వస్తుంది. అసలు దెబ్బ రోడ్డు పన్ను దగ్గర. 20 లక్షలు దాటిన కారుకు కర్ణాటకలో 18 శాతం, పైన సెస్సు. తమిళనాడులో 20 శాతం. లెక్క కోసం ఒక కారు 45 లక్షలు, ఇంకొకటి 60 లక్షలు అనుకుందాం. కర్ణాటకలో సెస్సు కాక 8.10 లక్షలు, 10.80 లక్షలు. తమిళనాడులో 9 లక్షలు, 12 లక్షలు. ధరలో తేడా 15 లక్షలే అనుకుని వెళ్లినవారికి బిల్లు మీద అది 18 లక్షలవుతుంది. డీలరు వసూలు చేసే 1 శాతం టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు, ఆదాయ పన్ను రిటర్నులో చూపించుకోవచ్చు. చాలామంది మరచిపోతున్నారు.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది. యానాం పుదుచ్చేరిలో భాగం, అక్కడ ఖరీదైన కార్లకు పన్ను బాగా తక్కువ. "మన చుట్టాలు ఉన్నారుగా, వాళ్ల చిరునామా మీద రిజిస్టర్ చేద్దాం" అంటారు. యానాంలో నిజంగా కాపురం ఉండేవారికి ఇందులో తప్పు లేదు. బెంగళూరులో తిరిగే కారుకు మాత్రం చేయకండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. 2025 మొదట్లో బెంగళూరులో రవాణా అధికారులు బయటి రాష్ట్రాల నంబర్లున్న ఖరీదైన కార్లను పట్టుకున్నారు కూడా. మన సభ్యుడొకరి అబ్బాయి పీవై నంబరుతో పాత జర్మన్ కారు చవగ్గా కొన్నాడు. తర్వాత కట్టిన పన్నుతో ఆ చవక కాస్తా పోయింది.

పాత లగ్జరీ కారైతే మొదటి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. దానికి ఫారం 28, పేరు మార్పుకు 29, 30. అప్పు ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35 కూడా రావాలి. తరచూ బదిలీ అయ్యే ప్రభుత్వోద్యోగులు, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వారు కొత్త కారుకు బీహెచ్ నంబరు అడగవచ్చు.

ఫారాలు నింపడం తెలియకపోతే ఆర్సీ, బ్యాంకు కాగితాలు పట్టుకుని సాయంత్రం సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని నింపుదాం.