తొండ పరుగునకగు ఖర్చు

మొన్నటి పుష్యమాసమున ఒక ఉదయము, నరసరావుపేట ప్రాంతపు మిరపచేని గట్టున పిల్లలు తొండ నొకదానిని తరుముచుండగా చూచితిమి. అది రెండు పరుగులు తీసెను. మూడవమారు కదలలేక నోరు తెరచి నిలిచిపోయెను. పిల్లలు నవ్విరి. దాని కారణమును రైతులు తెలిసికొనదగును.

తొండ శరీరమునకు స్వంత వేడి చాలదు. ఎండయే దాని బలము. చలివేళ పరుగు మందగించును. వేగముగ పరుగెత్తిన కొలది సేపటికే కండరములు అలసిపోవును; తేరుకొనుటకు చాలసేపు పట్టును. పొదలో దాగినంతసేపు ఎండయు లేదు, తిండియు లేదు. కావుననే జెముడుకాకి గాని, మనుష్యుడు గాని కంటబడగనే అది పారిపోదు. అపాయము పరుగు ఖర్చును మించినప్పుడే కదలును. ఈ లెక్కను 1986లో యిడెన్‌బర్గ్, డిల్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి.

ఇంటి బల్లి మార్గము వేరు. పిల్లి పట్టినచో తోకను విడిచి ప్రాణము దక్కించుకొనును. కాని క్రొవ్వు నిలువయుండునది ఆ తోకలోనే. మన సంఘమునకు రిజర్వు నిధి యెట్టిదో బల్లికి తోక యట్టిది. క్రొత్త తోక పెంచుటకు తిన్న తిండిలో కొంత వ్యయమగును. తొండ యిట్లు తోకను విడువజాలదు. దానికి పరుగే దిక్కు.

తొండ మన చేలలోని మిడుతలను, గొంగళిపురుగులను తినును. పిల్లలు విసరిన రాయి తగులకున్నను, ఆ పూట దాని వేట చెడును. పురుగు మన పైరుపై మిగులును. కావున రైతు సోదరులు తమ బిడ్డలకు ఈ సంగతి తెలియజెప్పి, గట్టుమీది తొండను దాని పనిని దానిని చేసికొననిత్తురు గాక.