యల్లాప్రగడ సుబ్బారావు గారు: చెప్పుకునేది ఎంత? నిజం ఎంత?



పోయిన సంవత్సరం గుడియాత్తంలో జరిగిన స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి పది నిమిషాలు మాట్లాడాను. "ఏ.టి.పి.ని, ఫోలిక్ యాసిడ్‌ను, టెట్రాసైక్లిన్‌ను కనిపెట్టింది మన తెలుగువాడే. తెల్లవాళ్ళు ఆయనకు నోబెల్ బహుమతి రాకుండా చేశారు" అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. సభ అయ్యాక వేలూరులో బయోకెమిస్ట్రీ చదివే ఒక అమ్మాయి వచ్చి, "తాతా, మా పుస్తకంలో ఏ.టి.పి. దగ్గర లోమన్ అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వోచరు లేకుండా ఒక్క ఎంట్రీ కూడా వెయ్యకూడదని బ్యాంకులో నేర్చుకున్నవాణ్ణి, సభలో మాత్రం విన్నదంతా చెప్పేశాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ముందు ఆయన జీవితం. సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చిందనీ, అందువల్ల ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందనీ ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. 1922లో అమెరికా వెళ్ళారు. మామగారు కూర్చిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట ఆ ప్రయాణానికి ఆధారం. 1930లో హార్వర్డులో పిహెచ్.డి. పొందారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగంలో చేరి, దానికి అధిపతి అయ్యారు. 1948 ఆగస్టులో, 53వ ఏట కన్నుమూశారు.

ఇక ఆయన పేరు మీద చెప్పుకునేవాటిని ఒక్కొక్కటిగా సరిచూద్దాం.

1. ఏ.టి.పి.: హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని అది ఇద్దరి పేరుతోనే ప్రసిద్ధమైంది. ఆ కొలత సాయంతో 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. కానీ 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని కనుగొని, కొద్దిగా ముందే ప్రచురించారు. రెండు చోట్లా ఎవరి పని వారు విడిగా చేశారు. కాబట్టి ఆ అమ్మాయికి నా జవాబు: "లోమన్ పేరు రాయి తల్లీ, పక్కనే ఫిస్క్, సుబ్బారావు పేర్లు కూడా రాయి."

2. ఫోలిక్ యాసిడ్: ఇది ఒక్కరి సొత్తు కాదు. గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని బొంబాయిలో పరిశోధన చేసిన లూసీ విల్స్ 1931లో చూపారు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి పేరు పెట్టారు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం దానిని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. ఆ వ్యాసం మీద పదిమందికి పైగా పేర్లున్నాయి, వాటిలో ఆయన పేరు ఒకటి. మందు చవకగా, విరివిగా దొరకడానికి దారి వేసింది ఆ పనే.

3. టెట్రాసైక్లిన్: ఇది తప్పు. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. దానిని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగింది సుబ్బారావు గారు నడిపిన విభాగంలో. టెట్రాసైక్లిన్ ఆయన పోయాక ఫైజర్ కంపెనీలో లాయిడ్ కోనోవర్ తయారుచేశారు.

4. క్యాన్సర్ మందు: ఇక్కడ ఆయన వాటా పెద్దది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను డోరిస్ సీగర్, ఆమె సహచరులు లెడర్లీలో తయారుచేశారు. సుబ్బారావు గారి విభాగం పంపిన ఆ మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. పదిమందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. నేడు వాడే మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

5. బోదకాలు మందు: తమిళంలో యానైక్కాల్ అంటామే, ఆ జబ్బుకు హెట్రజాన్ అనే మందును 1947లో ప్రకటించిన బృందంలోనూ ఆయన ఉన్నారు. 2004 నుంచి మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో సామూహికంగా పంచిన డి.ఇ.సి. మాత్ర అదే.

6. నోబెల్: ఫిస్క్ అసూయతో సుబ్బారావు గారి పనిని కొంత వెలుగులోకి రానివ్వలేదని, అదే ప్రయోగశాలలో చదివి 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. అది తేలిగ్గా తీసివేయదగిన మాట కాదు. అయితే క్యాన్సర్ మందుల విలువ లోకానికి పూర్తిగా తెలిసేసరికి ఆయన లేరు. పోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు. అందుకని "తెల్లవాళ్ళు కుట్ర చేశారు" అని ఒక్క ముక్కలో తేల్చడం సరికాదు.

ఇంతా చూశాక ఆయన ఖాతా తరిగిందా? నాకు అలా అనిపించలేదు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బే 1960ల మొదట్లో మన ఉత్తర ఆర్కాడు పల్లెల్లో విజృంభించింది. వేలూరు సి.ఎం.సి.లో డాక్టర్ సెల్విన్ బేకర్, డాక్టర్ వి.ఐ. మథన్ దానిపై ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఆ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందుల్లో ఒకటి ఫోలిక్ యాసిడ్. తన ఇంట్లో ఇద్దరిని పొట్టనబెట్టుకున్న జబ్బుకు మందు తయారుచేసినవారిలో ఒకరు కావడం చాలదా? దానికి టెట్రాసైక్లిన్‌ను కూడా ఎందుకు తగిలించాలి?

ఒక్క అబద్ధం పట్టుబడితే పక్కనున్న నాలుగు నిజాలనూ ఎవరూ నమ్మరు. రేపు ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇదే ప్రశ్న అడిగితే, మా తాత సభలో చెప్పాడంటే చెల్లదు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో కలిసి చేశారో చెప్పగలగాలి.

మీలో ఒక పరీక్ష తప్పినవారుంటే ఆయన మూడో ప్రయత్నాన్ని గుర్తుంచుకోండి. ఒక ధర్మసంస్థ మాట సాయంతో ఓడ ఎక్కిన కుర్రవాడి సంగతి మన దాతలూ గుర్తుంచుకోవాలి. ఈసారి సభలో సుబ్బారావు గారి గురించి ఆ అమ్మాయే మాట్లాడాలని నా కోరిక. నేను ముందు వరసలో కూర్చుని వింటాను.