మీకు తెలుసా? టైరు మీద 88 అంటే 560 కిలోలు

కారు టైరు పక్కగోడ మీద ‘185/65 ఆర్15 88హెచ్’ అని ఉంటే, అందులోని 88కి అర్థం ఆ ఒక్క టైరు గరిష్ఠంగా 560 కిలోలు మోయగలదని. 91 అయితే 615 కిలోలు. అంత మోయాలంటే లోపల సరిపడా గాలి ఉండాలి. ఎంత కొట్టించాలో సాధారణంగా డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు చెబుతుంది. చాలా కార్లలో నిండు బరువుకు అంకె వేరు, ఎక్కువ.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిలో విజయవాడ వైపు వెళ్లే కుటుంబాలు ముందు చూడాల్సింది ఈ స్టిక్కరే. గాలిని టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి, వేడెక్కితే అంకె ఎక్కువ చూపిస్తుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే నిబంధనల ప్రకారం ఆ టైరు పనికిరాదు. బరువైన సామాను డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి సర్దండి.