వార్తల్లో పదం: పీపీఏ

కరెంటు చార్జీల వార్తల్లో తరచూ తగిలే మాట పీపీఏ. అంటే విద్యుత్ కొనుగోలు ఒప్పందం. ఉత్పత్తి చేసే కంపెనీ, కొనే సంస్థ రెండూ కలిసి యూనిట్ ధరను ముందే ఖాయం చేసుకుంటాయి. గడువు తరచుగా 20, 25 ఏళ్లు.

అమెరికాలో దీన్ని చర్చకు తెచ్చిన ఊళ్లలో జార్జ్‌టౌన్ ఒకటి. చమురుకు పేరుపడ్డ టెక్సస్‌లో, రిపబ్లికన్లకు పట్టున్న ఊరు. కరెంటు సరఫరా నగరపాలక సంస్థదే. అప్పటి మేయర్ డేల్ రాస్ రిపబ్లికన్, వృత్తిరీత్యా అకౌంటెంట్. వాతావరణం కన్నా లెక్కలే ఎక్కువగా చెప్పేవారు: గ్యాస్ ధర రేపెంతో తెలియదు, గాలికీ ఎండకీ ఇంధన ఖర్చే లేదు. అలా 144 మెగావాట్ల పవన, 150 మెగావాట్ల సౌర విద్యుత్తుకు ఒప్పందాలు కుదిరాయి.

చిక్కు కూడా ఆ స్థిర ధరలోనే ఉంది. ఊరి అవసరానికి మించి కొన్న కరెంటును మార్కెట్లో అమ్మబోతే, గ్యాస్ చౌకై అక్కడి రేటు పడిపోయింది. 2018లో లక్షల డాలర్ల లోటు తేలింది. మార్కెట్ ధర పెరిగితే ఇదే ఒప్పందం లాభసాటి.

స్థిర ధరపై తగవు మన దగ్గరా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పవన, సౌర పీపీఏల ధరలను సమీక్షిస్తామని రాష్ట్ర ప్రభుత్వం అన్నప్పుడు వివాదం హైకోర్టుకెక్కింది. ఒప్పందంలోని ధరే చెల్లించాలని 2022లో కోర్టు చెప్పింది. ఈ ధరల భారం ఇంటిదాకా వస్తుంది: విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ)కి ఇచ్చే వార్షిక లెక్కల్లో కరెంటు కొనుగోలుదే పెద్ద పద్దు. ఇంటి బిల్లులో యూనిట్ రేటు చాలావరకు అక్కడినుంచి వచ్చేదే.