కెన్యాదేశమందలి నరకద్వారవనము

ఆఫ్రికాఖండమందలి మృగవనములనగానే మన విద్యార్థుల మనస్సునకు తోచునది యొక పెద్ద మోటారుబండి, దానినుండి తలలు బయటికి పెట్టి చూచు ప్రయాణికులు, దూరమున నొక చెట్టుక్రింద పరుండిన సింహము. ఈ చిత్రము అబద్ధము కాదు. సెరెంగెటీ, మసాయి మారా, త్సావో మొదలగు మహావనములను చూచు పద్ధతి యిట్టిదే. అచ్చట నిర్ణయించిన తావులందు తప్ప బండి దిగుటకు వీలులేదు. కాని ఆ కెన్యాదేశమందే, రాజధానియగు నైరోబీకి వాయవ్యముగా సుమారు 90 కిలోమీటర్ల దూరమున, నైవాషా సరస్సునకు దక్షిణమున నొక చిన్న వనము కలదు. దానిని చూడవచ్చినవారు కాలినడకను పోవచ్చును, బైసికిలు నెక్కి పోవచ్చును, త్రాళ్ళ సహాయముతో బండలను గూడ నెక్కవచ్చును. దాని పేరు హెల్స్ గేట్, అనగా నరకద్వారము. పేరు విని బెదరనక్కరలేదు. అయితే ఆ పేరును బొత్తిగా మరచిపోవుటయు మంచిది కాదు. కారణము ముందు తెలియగలదు.

ఈ వనము 1984వ సంవత్సరమున జాతీయవనముగా ఏర్పడినది. దీని విస్తీర్ణము 68 చదరపు కిలోమీటర్లు మాత్రమే. త్సావో వనము యొక్క రెండు భాగములును కలిపిన ఇరువదివేల చదరపు కిలోమీటర్లకు పైబడును. దానితో పోల్చినచో ఇది మూడువందలవ వంతైనను కాదు. ఉదయమున బైసికిలుపై లోపలికి పోయినవాడు సాయంకాలమునకు ముఖ్యమైన వన్నియు చూచి తిరిగి రాగలడు. ఇచ్చట ఏనుగులు లేవు. సింహము కనబడుట మిక్కిలి అరుదు. చిరుతపులులు కలవు గాని అవి రాత్రివేళ సంచరించునవి, మనుష్యుని చూచి తప్పుకొనునవి. కావుననే మనుష్యులను నేలపై నడువనిచ్చిరి. చిన్నతనమే ఈ వనమునకు గల గొప్ప సౌకర్యము. దాని కష్టములకును ఆ చిన్నతనమే మూలము.

సవాన్నా యనగా నేమో కొంచెము చెప్పవలెను. అది దట్టమైన అడవియు కాదు, వట్టి యెడారియు కాదు. కనుచూపుమేర గడ్డినేల, అందందు చెట్లు. వానకాలమున పచ్చన, ఎండకాలమున గోధుమవన్నె. నరకద్వారవనము భూమధ్యరేఖకు దక్షిణముగా ఒక డిగ్రీకి లోపలనే యున్నను, సముద్రమట్టమునకు సుమారు 1,900 మీటర్ల ఎత్తున నుండుటచేత అచ్చటి ఉదయములు చల్లగా నుండును. ఆ చల్లదనమును నమ్మి టోపీ లేకుండ పోయినవారి చర్మము మధ్యాహ్నమునకు కమిలిపోవును. ఎత్తైన చోట ఎండకు తీవ్రత యెక్కువ. గడ్డి నడుమ లెలెష్వా యను పొద కనబడును. దాని బూడిదవన్నె ఆకును నలిపినచో కర్పూరపు వాసన వచ్చును. తుమ్మజాతి చెట్లలో నొకదాని ముండ్ల మొదళ్ళు ఉబ్బి బోలుకాయలవలె నుండును. వానికి చీమలు రంధ్రములు చేసి లోపల కాపురముండును. గాలి వీచినప్పుడు ఆ రంధ్రములనుండి యీలవంటి ధ్వని పుట్టును. ఏ జంతువైనను ఆకు మేయవచ్చినచో చీమలు బయటికి వచ్చి దాని మూతిని కుట్టును.

ఇక ఈ లోయ యెట్లు పుట్టినది? ఆఫ్రికా తూర్పుభాగమున భూమి ఉత్తరదక్షిణములుగా చీలుచున్నది. ఆ మహాగర్తమును రిఫ్ట్ లోయ యందురు. చీలినచోట భూగర్భపు వేడిమి పైకి దగ్గరగా నుండుటచే అగ్నిపర్వతములు పుట్టినవి. వనమునకు తూర్పున కనబడు లాంగొనాట్ పర్వతము (2,776 మీటర్లు) అట్టిదే. వేలకొలది సంవత్సరముల క్రిందట నైవాషా సరస్సు ఇప్పటికంటె చాల పెద్దదై, లోతైనదై యుండెను. ఆ నీరు దక్షిణమునకు పొర్లి మెత్తని అగ్నిపర్వతపు బూడిదరాతిని కోసికొని పోయెను. నీరు తగ్గి సరస్సు వెనుకకు పోయెను. కోసిన లోయయు, దాని చివర ఇరుకైన గండియు మిగిలెను. అనగా ఇప్పుడు బైసికిళ్ళు పోవు మార్గము ఒకప్పటి జలమార్గము. ఈ మాట గుర్తుంచుకొనవలెను.

1883లో గుస్టావ్ ఫిషర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతమునకు వచ్చి, మసాయి యోధులు అడ్డగింపగా వెనుదిరిగెను. ఆ సంవత్సరమే జోసెఫ్ థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడును నైవాషామీదుగా పోయెను. ఇరువురి పేర్లును అచ్చట నిలిచిపోయినవి. గుంపులుగా మేయు చిన్న జింకకు థామ్సన్ పేరు పెట్టిరి. లోయ మొదట సుమారు 25 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలిచిన రాతిస్తంభమునకు ఫిషర్ పేరు వచ్చెను. ఇది పురాతనమైన అగ్నిపర్వతపు నాళములో గడ్డకట్టిన రాయి. చుట్టునున్న మెత్తని భాగము కరగిపోగా ఇది మిగిలినది. మసాయివారు చెప్పుకొను కథ వేరు. పెండ్లికి పోవుచున్న నాయకుని కుమార్తె, వెనుకకు చూడరాదను ఆచారమును మీరి పుట్టినింటివైపు తిరిగి చూచి యిట్లు రాయి యయ్యెనట. ఇది విన్నప్పుడు లోతు భార్య జ్ఞాపకమునకు రాని విద్యార్థి మన పాఠశాలలో నుండడనుకొందును.

ఆ స్తంభపు మొదట బండల సందులలో కుందేలంత ప్రాణులు ఎండకు కూర్చుండియుండును. వానిని హైరాక్స్ అందురు. బలము లేనిదైనను బండలలో ఇల్లు చేసికొను తెలివిగలదిగా సొలొమోను సామెతలలో పేర్కొనబడిన ప్రాణి ఈ జాతిదే. మన తెలుగు అనువాదములో దానిని చిన్న కుందేలనిరి. నిజమునకు దీనికి కుందేలుతో చుట్టరికము లేదు. ఇప్పుడున్న జంతువులలో దీనికి దగ్గరి బంధువులు ఏనుగును, సముద్రపు ఆవును అని జంతుశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

ప్రధానద్వారమునకు ఎల్సా ద్వారమని పేరు. జాయ్ ఆడమ్సన్ అను రచయిత్రి పెంచి అడవికి విడిచిపెట్టిన ఆడసింహము పేరది. ఆమె యిల్లు నైవాషా సరస్సు గట్టున నుండెను. ద్వారమువద్ద బైసికిళ్ళు అద్దెకు దొరకును. అచ్చటినుండి గండివరకు సుమారు ఏడెనిమిది కిలోమీటర్ల మట్టిరోడ్డు, ఇరుప్రక్కల ఎర్రని నిట్టనిలువు రాతిగోడలు. ఆ రోడ్డుమీద పోవువానికి బండిలోని ప్రయాణికునికి లేని అనుభవ మొకటి కలుగును. బండి యెంత దగ్గరకు వచ్చినను వనమృగములు అంతగా లెక్కచేయవు, దానిలోని మనుష్యుని అవి మనుష్యునిగా గుర్తింపవు. నేలపై రెండుకాళ్ళతో నిలిచినవానిని మాత్రము దూరమునుండియే గుర్తించును. కావున నడచువానికి మృగములు కొంత దూరముననే కనబడును. దానికి బదులు అతడు బండిలో వినరానిది వినును. జీబ్రాలు గడ్డి పీకు చప్పుడు, మగజింకల కొమ్ముల తాకిడి, గాలిలో తేలివచ్చు పేడవాసన. ఈ బేరములో నష్టము లేదని నా అభిప్రాయము.

జీబ్రాను స్వాహిలీభాషలో పుండా మిలియా, అనగా చారల గాడిద యందురు. మనము చారల గుర్రమందుము. రెంటిలో వారి పేరే సరియైనది. తోకయు, కుచ్చువలె నిలిచిన జూలును చూచినవారి కిది తెలియును. కొంగోని యను పెద్దజింక పుట్టమీద నెక్కి కావలివానివలె నిలుచును. అడవిపంది ముందుకాళ్ళు మడచి మోకాళ్ళమీద కూర్చుండి గడ్డి మేయును. భయపడినప్పుడు తోకను నిట్టనిలువుగా జెండావలె నెత్తి పిల్లలతో పరుగెత్తును. జిరాఫీలు తుమ్మచెట్ల పైనుండి చూచుచుండును. మృగముల దగ్గరకు పోవుటకు ఒక సులభమైన నియమమున్నది. మేయుచున్న జంతువు తలయెత్తి చెవులు నిక్కించినచో ఆగవలెను. తిరిగి మేతకు వంగినచో మరికొంత పోవచ్చును. కదలి ప్రక్కకు తప్పుకొన్నచో మనము హద్దు దాటితిమన్నమాట. తల్లికిని పిల్లకును మధ్యగా బైసికిలును తీసికొనిపోరాదు.

భయపడవలసినది అడవిదున్నకు. మందలోనున్న దున్నలు సాధారణముగా తమ పని తాము చూచుకొనును. మంద విడిచి పొదలలో ఒంటరిగా తిరుగు ముసలి పోతు అట్లు కాదు. అది హెచ్చరిక లేకుండ మీద పడును. కావున రోడ్డు విడిచి దట్టమైన పొదలలోనికి పోవుట తెలివితక్కువ పని. ఇక కోతులలో పెద్దవగు బబూనులు ప్రాణము తీయవు గాని భోజనపు సంచి తీసికొనిపోవును.

తల పైకెత్తినచో రాతిగోడల అరలలో రాబందులు కనబడును. వానిలో రుప్పెల్ పేరుగల జాతి యొకటి. 1973లో ఐవరీకోస్ట్ దేశముమీద సుమారు 37,000 అడుగుల ఎత్తున ఎగురుచున్న విమానమునకు తగిలిన పక్షి ఈ జాతిదే. అంత యెత్తు కెగసిన పక్షి మరియొకటి యిదివరకు తెలియరాలేదు. ఇప్పుడు ఈ జాతి మిక్కిలి ఆపదలో నున్నది. పశువులను చంపిన సింహములను, దుమ్ములగొండులను చంపుటకు కళేబరములలో విషము పెట్టుదురు. ఆ విషమునకు వందలకొలది రాబందులు బలియగుచున్నవి. ఎముకలను మ్రింగు గడ్డపు రాబందు ఒకప్పుడీ గోడలలోనే గూడు కట్టెడిది. ఇప్పుడా గూళ్ళు లేవు.

లోయ చివర నోల్ న్జొరొవా గండి. అచ్చట బైసికిలు విడిచి క్రిందికి దిగవలెను. నీటి ఒరపిడికి నునుపెక్కిన గోడలు కొన్నిచోట్ల రెండుచేతులు చాచినచో ఇరువైపుల తగులునంత దగ్గరగా వచ్చును. ఆకాశము సన్నని పట్టీవలె కనబడును. గోడలనుండి వేడినీరు కారుచుండును. చూడచక్కని చోటు, పేరునకు తగిన చోటును. ఎక్కడనో దూరపు కొండలపై వాన కురిసినచో ఆ నీరంతయు ఈ సందునకే వచ్చును. గండిలో నున్నవానికి పైన ఎండ కాయుచుండగనే వెల్లువ వచ్చి పడవచ్చును. పరుగెత్తుటకు ప్రక్కదారి లేదు, ప్రాకుటకు గోడ నునుపు. 2012 ఏప్రిలు నెలలో నైరోబీనుండి వచ్చిన యొక సంఘపు యువజనులలో ఏడుగురు ఇట్లు కొట్టుకొనిపోయి మరణించిరి. 2019 సెప్టెంబరు మొదట మరల ఏడుగురు చనిపోయిరి. వారిలో దారిచూపుటకు వచ్చిన స్థానికుడు నొకడు. అతనికి త్రోవ తెలియును, రాళ్ళు తెలియును. కాని దూరమున కురిసిన వాన ఆ గండిలో నిలిచినవాని కెట్లు తెలియగలదు? ఆ పిమ్మట గండిని కొంతకాలము మూసివేసిరి. మార్చి మొదలు మే వరకు పెద్దవానలు, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు చిన్నవానలు అని పుస్తకములలో చదివి, తక్కిన నెలలలో భయము లేదనుకొనరాదు. సెప్టెంబరు ఈ రెంటిలో చేరినది కాదు. ద్వారమువద్ద వనరక్షకుడు ఈ దినము గండిలోనికి పోవలదన్నచో, వంద మైళ్ళు ప్రయాణము చేసి వచ్చితిమని అతనితో వాదింపరాదు.

గండి దాటి మెరకనెక్కినచో దృశ్యము మారును. గడ్డినేలపై వెండివన్నె గొట్టములు వంకరలు తిరిగి పోవుచుండును. జంతువులు వాని క్రిందుగా నడచుటకు అందందు వానిని కమానులవలె ఎత్తి కట్టిరి. తెల్లని ఆవిరి పొగవలె లేచును, కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టును. ఇది ఒల్కారియా విద్యుత్కేంద్రము. రెండు మూడు కిలోమీటర్ల లోతు బావులు త్రవ్వి, భూగర్భమందలి ఆవిరిని పైకి తెచ్చి, దానితో యంత్రములు త్రిప్పుదురు. మొదటి యంత్రము 1981లో 15 మెగావాట్ల శక్తితో పనిచేయ నారంభించెను. అనగా జాతీయవనముకంటె యంత్రమే మూడేండ్లు పెద్దది. నేడు కెన్యాదేశపు విద్యుత్తులో 40 శాతమునకు పైగా ఇట్లు భూమి వేడిమినుండి వచ్చుచున్నది. బొగ్గు కాల్చనక్కరలేదు, వానలు లేక నదులు ఎండినను దీపము లారిపోవు. ఇది గొప్పమేలు కాదని ఎవరనగలరు? కాని బావులు, రోడ్లు, గొట్టములు, స్తంభములు పెరిగినకొలది 68 చదరపు కిలోమీటర్లలో మృగములకు మిగులు నేల తగ్గును. 2014లో క్రొత్త కేంద్రముకొరకు మసాయి కుటుంబములను వేరుచోటికి తరలించిరి. అచ్చటి భూమియు వసతులును తమకు చెప్పినట్లు లేవని వారు మొరపెట్టుకొనగా, ఆ తగవు ప్రపంచబ్యాంకువరకు పోయెను.

వేరొక చిక్కు కలదు. ఇంత చిన్న వనములో జీబ్రాలును జింకలును ఏడాది పొడవునను బ్రతుకజాలవు. వానలనుబట్టి అవి లాంగొనాట్ వైపునకును సరస్సువైపునకును పోయి వచ్చుచుండును. ఆ దారి కెడాంగ్ అను విశాలమైన పశువుల భూములమీదుగా పోవును. ఆ భూములు ముక్కలై, కంచెలు పడినచో, వనపు హద్దురాళ్ళు కదలకపోయినను వనము చెరసాల యగును. గడ్డి తరిగిన యేట జంతువులు కంచెకు మూతులానించి నిలువవలసినదే. పెద్దవనమునకు ఇట్టి దెబ్బ తట్టుకొను శక్తి కొంత యుండును. దీనికి లేదు. నడచి చూడవచ్చిన ప్రయాణికునికి ఈ సంగతి కనబడదు, ఏలయన కంచెలు అతని దారిలో నుండవు.

సాయంకాలము ఆరుగంటలకు ద్వారములు మూయుదురు. మధ్యాహ్నము మూడు దాటకముందే గండివద్దనుండి వెనుదిరుగుట మంచిది. అద్దె బైసికిళ్ళకు మధ్యదారిలో గొలుసు ఊడుట అపురూపము కాదు. దానిని సరిచేసికొనుచు కూర్చున్నవాని ముందునుండి జీబ్రాల మంద తొందరపాటు లేకుండ రోడ్డు దాటి, ఎర్రని గోడ నీడలోనికి పోవును.