అటక మీద ఏరియల్

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. అమెరికా వచ్చి సబ్‌డివిజన్‌లో ఇల్లు కొనుక్కున్న వాళ్ళు దీనికి మూడో మాట చేర్చుకోవచ్చు: ఆ ఇంటి మీద యాంటెన్నా కట్టి చూడు!

వృత్తి రీత్యా నేను ఇంజనీరుని. సరదా రీత్యా అమెచ్యూర్ రేడియో ఆపరేటర్ని, వాడుకలో ‘హామ్’ని. ఇంట్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ప్రభుత్వం ఇచ్చిన కాల్ సైన్‌తో, ప్రపంచంలో మరో మూల కూర్చున్న ఇలాంటి పిచ్చివాడితోనే సంభాషించడం మా పని. మధ్యలో ఏ టెలిఫోన్ కంపెనీ ఉండదు. "చేతిలో సెల్‌ఫోన్ పెట్టుకుని ఇదేం ఖర్మండీ?" అని మా ఆవిడ ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది. ఆమెకు సమాధానం 2024లో దొరికింది. ఆ కథే ఇది.

అంతకు ముందు సంవత్సరం వర్జీనియాలో ఇల్లు కొన్నాం. సంతకాలు పెట్టిన కాగితాల దొంతరలో హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వారి నిబంధనల పుస్తకం కూడా ఉంది. చదవలేదు. మనలో ఎంతమంది చదివి ఉంటారు లెండి! ఒక శనివారం చూరు నుంచి పెరట్లో మేపుల్ చెట్టుకు సన్నని తీగ కట్టాను. రెండు వారాలు తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇంటి బయట యాంటెన్నాలు నిషిద్ధం, గడువులోగా తీయకపోతే జరిమానా.

"ఎదురింటి కప్పు మీద శాటిలైట్ డిష్ ఉందిగా?" అని నాకు రోషం వచ్చింది. చట్టం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. ఒక మీటరు లోపు డిష్షులకూ, టీవీ యాంటెన్నాలకూ 1996లో ఎఫ్‌సీసీ రక్షణ కల్పించింది. హామ్ రేడియోకి అది వర్తించదు. మా కోసం 1985లో ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది గాని, అది ఊరి మునిసిపాలిటీలను కట్టడి చేస్తుందే తప్ప మనం సంతకం పెట్టిన ప్రైవేటు ఒప్పందం జోలికి పోదు. ఆ లోటు పూడ్చే బిల్లు 2016లో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్ దాటలేదు. అంచేత తీగ విప్పేశాను. రేడియో పెట్టెలోకి వెళ్ళింది.

2024 మే నెలలో నాన్నగారు వచ్చారు. అమ్మ పోయాక మొదటి రాక. ఆయన టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు నా అరచేతి మీద వేలితో కొట్టి నాకు మోర్స్ నేర్పింది ఆయనే. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆపేసిన రోజు ఆయన అన్నం ముట్టలేదని అమ్మ చెప్పింది.

మన అమ్మానాన్నల అమెరికా మజిలీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మేమిద్దరం ఆఫీసులకు, పిల్లలు బడికి. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చే పోయే కార్లు చూసేవారు. రెండు నెలలు గడిచేసరికి, "ఏరా, మనిషి మొహం కనపడని ఊళ్ళో నేనేం చెయ్యను? టికెట్ ముందుకు మార్పించు, వెళ్ళిపోతాను" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నిబంధనల పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను. "బయట" అన్న మాట పదే పదే ఉంది. ఇంటి లోపలి గురించి ఒక్క ముక్క లేదు. మనకి అటక ఉందిగా!

డైపోల్ అనే యాంటెన్నా లెక్క చాలా తేలిక. 468ని మెగాహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తీగ పొడవు అడుగుల్లో వస్తుంది. 20 మీటర్ల బ్యాండుకి సుమారు 33 అడుగులు. సగానికి కోసి, రెండు ముక్కల మధ్య కేబుల్ కలిపి, అటక మీద దూలం పొడుగునా కట్టేయడమే. కప్పు రేకుది అయినా, ఇన్సులేషన్‌కి అల్యూమినియం రేకు అతికించి ఉన్నా ఇది పనిచేయదు. మాది తారు షింగిల్సు కప్పు, అదృష్టం. నాన్నగారు కింద నుంచి టార్చిలైటు పట్టారు. నేను చెక్క మీద కాకుండా పక్కన అడుగేసి మా పడగ్గది సీలింగుకి కన్నం పెట్టాను. మా ఆవిడ ఏమందో ఈ సంచికలో రాయదగ్గది కాదు.

అటక యాంటెన్నాకి ఇంట్లోని కరెంటు వస్తువుల రొదంతా వినిపిస్తుంది. నాన్నగారు గది గదికీ వెళ్ళి ఒక్కొక్క స్విచ్చీ ఆర్పుతూ "ఇప్పుడు?" అని కేకేస్తుంటే, నేను వింటూ కూర్చున్నాను. దొంగ దొరికింది: చవకగా కొన్న ఫోన్ చార్జరు! పిల్లల గదులు అటక కిందే కాబట్టి రేడియో తరంగాల భద్రత లెక్క వేసుకుని, 100 వాట్లివ్వగల సెట్టుని 30కి మించి వాడనని నియమం పెట్టుకున్నాను.

వినడానికి లైసెన్సు అక్కర్లేదు. నాన్నగారు పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. "మా ఆఫీసులో టకటకమనేది, ఇదేమిట్రా కూనిరాగం తీస్తోంది" అని నవ్వారు. మూడు రోజుల్లో చెవి కుదిరింది. నాకంటే వేగంగా రాసేవారు. సాయంత్రం మేం వచ్చేసరికి ఇటలీ, బ్రెజిల్, జపాన్ అంటూ కాగితం నిండిపోయేది. పిల్లలు తాతయ్య పక్కన చేరారు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్టోబరు నెల. సూర్యుడి మచ్చలు పదకొండేళ్ళకొకసారి పెరుగుతాయి. అప్పుడు దూరాలు బాగా అందుతాయి. ఆ సంవత్సరం అలాంటిదే. పైగా ఇక్కడ తెల్లవారే వేళ, మన దేశంలో పొద్దుగూకే వేళ. ఆ సంధ్యలో దారి తెరుచుకోవచ్చు. ఆ ఉదయం నాన్నగారి పెన్సిలు ఆగింది. "ఒరేయ్, వీయూ అంటున్నాడు" అన్నారు. వీయూ అంటే మన దేశం. బెంగుళూరు నుంచి, 13 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. నేను చేతులు వణుకుతూ కీ కొట్టాను. జవాబు వచ్చింది. రిపోర్టు, ఊరు, పేరు. రెండు నిమిషాలు, అంతే. నాన్నగారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ ఆ రోజు నుంచి ‘ఖర్మ’ అనే మాట వాడలేదు.

ఇది కాలక్షేపమే కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగా సునామీ వచ్చింది. సరదాకి వెళ్ళిన ఆ రేడియోలే, అండమాన్ నుంచి క్షేమ సమాచారాలు చేరవేశాయి.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే, మోర్స్ రాదని వెనకాడకండి. అమెరికాలో 2007 నుంచి ఆ పరీక్ష లేదు. మొదటి మెట్టు టెక్నీషియన్‌కీ, 20 మీటర్ల బ్యాండుని అందించే జనరల్‌కీ 35 ప్రశ్నల చొప్పున ఉంటాయి, 26 రైటయితే చాలు. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీతో కలిసి 2017లో రూపొందించిన ఎఫ్‌టీ8 పద్ధతిలో, చెవికి వినపడనంత బలహీనమైన సంకేతాన్ని కూడా కంప్యూటరు పట్టుకుంటుంది. అటక తీగకి అది వరం. ఇల్లు కొనే వాళ్ళు మాత్రం సంతకానికి ముందే నిబంధనలు చదవండి.

నాన్నగారు నవంబరులో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు పిల్లల సంగతి అడుగుతారు, తర్వాత "ఇవాళ బ్యాండు ఎలా ఉందిరా?" అంటారు. ఈసారి టికెట్ ఆయనే అడిగారు. అక్టోబరుకి కావాలట.