థైరాయిడ్ హార్మోను – గుండె కండరం



"జబ్బు గొంతులో ఉంటే గుండె పరీక్షలెందుకు డాక్టరు గారూ?" థైరాయిడ్ వ్యాధి ఉన్నవారికి ఇ.సి.జి. వ్రాసినప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు గుండె కణాల లోపల ఉంది.

గొంతు ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. ఇది ఎక్కువగా టి4 (థైరాక్సిన్), కొద్దిగా టి3 అనే హార్మోన్లను తయారుచేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ 1914లో సరిగ్గా క్రిస్మస్ రోజునే థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశారు. అయితే కణాలలో ముఖ్యంగా పనిచేసేది టి3.

గుండె కణంలో ఏమి జరుగుతుంది?

ఏ మాంసకృత్తు ఎలా తయారుకావాలో చెప్పే ఆదేశాలు జన్యువులలో ఉంటాయి. ఉక్కు కర్మాగారంలో ఆర్డరును బట్టి ఒక సరుకు పెంచి, మరొకటి తగ్గించినట్లే, టి3 కణకేంద్రకంలోనికి వెళ్ళి కొన్ని జన్యువుల పనిని పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది.

గుండె ముడుచుకోవడానికి మయోసిన్ అనే మాంసకృత్తు కావాలి. ఇందులో వేగంగా పనిచేసే ఆల్ఫా, నిదానంగా పనిచేసే బీటా అని రెండు రకాలు. టి3 ఆల్ఫాను పెంచి బీటాను తగ్గిస్తుంది. ఎలుకలలో ఈ మార్పు చాలా ఎక్కువ. మనుషుల గుండెలో బీటా రకమే అధికం కాబట్టి మార్పు కొద్దిగానే ఉంటుంది.

ప్రతి స్పందన తరువాత గుండె సడలాలంటే కణంలోని కాల్షియం తిరిగి తన గదిలోనికి చేరాలి. టి3 ఆ పని చేసే పంపును పెంచి, దానికి అడ్డుపడే మాంసకృత్తును తగ్గిస్తుంది. అందుకే హార్మోను తక్కువైనవారి గుండె నిదానంగా సడలుతుంది.

ఇది మనుషులలోనూ నిజమేనని 1992లో అమెరికా వైద్యులు చూపించారు. థైరాయిడ్ బాగా తగ్గి, గుండె పెద్దదై బలహీనపడిన ఒక యువకుని గుండె కండరాన్ని థైరాక్సిన్ ఇవ్వకముందు, ఇచ్చిన తరువాత పరీక్షించారు. జన్యువుల పనితీరు మారింది, గుండె కూడా మెరుగుపడింది.

లక్షణాలు

హార్మోను తక్కువైతే: నాడి మందగించడం, నీరసం, ఆయాసం, కొలెస్టరాల్ పెరగడం, కొందరికి గుండె చుట్టూ నీరు చేరడం.

ఎక్కువైతే: గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం. పెద్ద వయసువారిలో గుండె లయ తప్పి, రక్తం గడ్డకట్టి పక్షవాతం కూడా రావచ్చు.

గుర్తుంచుకోండి

1. థైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. కాఫీ, టిఫిన్ అరగంట నుండి గంట తరువాతే. నైట్ షిఫ్టు చేసేవారు తమకు వీలైన ఒక పరగడుపు సమయాన్ని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

2. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి.

3. మోతాదు మార్చిన 6 నుండి 8 వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించండి.

4. గుండెజబ్బు ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. తొందరపడి మీరే పెంచుకోవద్దు. బరువు తగ్గాలని ఈ మాత్రలు వాడటం గుండెకు ప్రమాదం.

5. గర్భం వచ్చిందని మాత్రలు మానవద్దు. వెంటనే డాక్టరుకు చెప్పండి.

6. "సముద్రం పక్కనే ఉన్నాం, అయోడిన్ ఉప్పెందుకు?" అనుకోవద్దు. సముద్రపు నీటితో చేసినదైనా మామూలు ఉప్పులో అయోడిన్ చాలా తక్కువ. అందుకే 2006 మే నుండి, తినడానికి అయోడిన్ కలపని ఉప్పు అమ్మడాన్ని మనదేశంలో నిషేధించారు. అయితే ఉప్పు మాత్రకు బదులు కాదు.

ఒంట్లో బాగుందని కొందరు, ప్రార్థన చేయించుకున్నామని కొందరు మాత్రలు మానేస్తున్నారు. బాగుండటం ఆ మాత్ర వలననే. మానేస్తే కొన్ని వారాలలో గుండె మళ్ళీ మందగిస్తుంది. ఉపవాస దినాలలో కూడా ఈ చిన్న మాత్రను నీళ్ళతో వేసుకోండి. ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు. మనకు జ్ఞానమిచ్చిన దేవుడే వైద్యమూ ఇచ్చాడు.